ఆ గుంట దగ్గరికి ఒక్కసారి రండి: ఒంగోలు ప్రాంత శిలాజాల గురించి అధికారులకు, టీచర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గనుల శాఖ, విద్యాశాఖ, పురావస్తు శాఖ అధికారులకు, ఒంగోలు చుట్టుపక్కల బడుల్లో చదువు చెప్పే టీచర్లందరికీ నమస్కారం.

ఒంగోలు దగ్గర ఒక ఊరి పొలిమేరలో గ్రావెల్ కోసం తవ్వుతున్న గుంట గురించి నేనిచ్చిన అర్జీ ‘పరిష్కారమైంది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. గుంట దగ్గరికి ఎవరూ రాలేదు. కాగితం మీద మాత్రం ‘సదరు స్థలంలో పురావస్తు ప్రాధాన్యం గల శిల్పాలు గానీ, శాసనాలు గానీ లేవు’ అని రాసి ఫైలు మూసేశారు. నిజమే, లేవు. ఉన్నాయని నేను ఎక్కడా రాయలేదు. అక్కడ ఉన్నవి ఆకులు. డైనోసార్లు తిరిగిన కాలంలో బురదలో పడి, రాతి పొరల మధ్య అచ్చులుగా మిగిలిపోయిన ఆకులు. ఏ ఆఫీసు ఆ మాట రాసిందో, ఎవరు సంతకం పెట్టారో ఇక్కడ చెప్పను. ఒకరిని వేలెత్తి చూపడం కోసం రాస్తున్న ఉత్తరం కాదిది. ఊరి పేరు కూడా రాయను. దానికి వేరే కారణం ఉంది, కింద చెప్తాను.

నాది సిమెంటు, ఇటుకల షాపు. రోజూ గ్రావెల్ టిప్పర్లు మా షాపు ముందునుంచే పోతాయి, ఆ డ్రైవర్లలో సగం మంది నాకు ఖాతాదారులు. ఇళ్ళు కట్టాలంటే మట్టి తవ్వాలి, రాయి కొట్టాలి. తవ్వకాలే వద్దనే బాపతు మనిషిని కాదు నేను. రాళ్ళ పిచ్చి కూడా నాది కాదు, మా పాపది.

పాప రెండో తరగతి చదువుతోంది. సెలవులకి మా అమ్మ దగ్గరికి ఊరు పంపితే, అక్కడ గొర్రెలు కాసే పెద్దాయన ఒకాయన దాని చేతిలో ఒక రాయి పెట్టాడు. తెల్లగా, మెత్తగా, పొరలు పొరలుగా ఊడొచ్చే రాయి. దాని మీద వేలెడంత ఆకు అచ్చు. నడిమిన సన్నటి ఈనె, దానికి రెండు పక్కలా ఈత మట్టకి ఉన్నట్టు వరసగా చిన్న చిన్న రెక్కలు. మా అమ్మ వాటిని ఆకు రాళ్ళు అంటుంది. చిన్నప్పట్నుంచీ చూస్తోందట. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో బిస్కట్ డబ్బాలన్నీ రాళ్ళతో నిండిపోయాయి. ప్రతి రాయికీ ఒక మూల తెల్ల నెయిల్ పాలిష్ చుక్క, చుక్క మీద పెన్నుతో నంబరు. మా షాపు పాత బిల్లు పుస్తకాల వెనక పేజీల్లో ఆ నంబరుకి ఎదురుగా మూడు గళ్ళు: ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎవరు చూశారు. ఆ మూడో గడిలో ఎక్కువ చోట్ల ‘గొర్రెల తాత’ అనే ఉంటుంది. తన కంటికి ముందు పడ్డవాటికే తన పేరు రాసుకుంటుంది. ఇంత కచ్చితమైన లెక్క మా షాపు రిజిస్టరులోనే లేదు, మీ ఆఫీసుల సంగతి మీకే తెలియాలి.

మొదట్లో దానికి ప్రతి రాయీ శిలాజమే. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్కలో మెరిసే చుక్కల్ని పురుగు రెక్కలనుకుంది. అది భూమి లోపల కరిగిన ద్రవం చల్లారి గట్టిపడిన రాయి అని, అందులో ఆకులూ గవ్వలూ ఉండవని, ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిదని తెలిశాక దాన్ని వదిలేసింది. తర్వాత మార్కాపురం పలక మీద పడింది. పొరలు పొరలుగానే ఉంటుంది కదా, అందులో ఎందుకు ఉండవని దాని వాదన. ఆ రాయి వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాటే. అది తయారైనప్పటికి భూమ్మీద ఆకూ లేదు, ఎముకా లేదు. ఆ తర్వాత గచ్చుకి వేసే నాపరాళ్ళ వంతు. వాటి మీద నల్లగా కొమ్మలు చీలినట్టు గీతలుంటాయి, చూస్తే చెట్టే అనిపిస్తుంది. అవి మొక్కలు కావు. పగుళ్ళలోకి ఇంకిన నీళ్ళు వదిలిపెట్టిన మాంగనీసు మరకలు. ఆకుకి నడిమి ఈనె ఉంటుంది, ఈ మరకకి ఉండదు. ఈ తేడా పట్టుకున్నప్పటినుంచి చుట్టాలింటికి వెళ్ళినా ముందు వంగి నేల చూస్తోంది, పలకరింపులు తర్వాత. పొద్దున ఎండ ఏటవాలుగా పడ్డప్పుడే అచ్చులు తేలి కనబడతాయని, మిట్టమధ్యాహ్నం అదే రాయి ఖాళీగా కనబడుతుందని కనిపెట్టింది కూడా తనే.

పిల్లల ఆట కదా అని మీరు కొట్టిపారేస్తారేమో. ఈ రాళ్ళ గురించి ప్రపంచానికి తెలిసి నూట నలభై ఏళ్ళు దాటింది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, 1863లో చెన్నై దగ్గరి పల్లవరంలో రాతియుగపు పనిముట్టు కనిపెట్టిన ఆయనే, మన తీరమంతా తిరిగి ఇక్కడి భూగర్భ వివరాలను 1879లో అచ్చువేశాడు. అదే ఏడాది ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్ అనే మరో శాస్త్రవేత్త ఈ పొరల్లోని మొక్కల గురించి రాశాడు. కింద ఇసుకరాయి, మధ్యలో ఆకులున్న మెత్తటి షేల్ (బురద గట్టిపడి పొరలుగా మారిన రాయి), పైన మళ్ళీ ఇసుకరాయి. ఆ మూడు పొరలకీ పెట్టినవి మన ఊళ్ళ పేర్లే: బుడవాడ, వేమవరం, పావులూరు. 2022లో జిల్లాల విభజన జరిగేదాకా మూడూ ప్రకాశం జిల్లా ఊళ్ళే. వేమవరం షేల్ అంటే పురాతన వృక్షశాస్త్రం చదివేవాళ్ళకు దేశమంతటా తెలుసు. ఒంగోలు బస్టాండులో అడగండి, ఒక్కరు చెప్తే చూద్దాం.

ఆ పొరల వయసు సుమారు పన్నెండు, పదమూడు కోట్ల ఏళ్ళు. మన భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయి తూర్పు తీరం రూపు దిద్దుకుంటున్న కాలం. ఎక్కువగా దొరికేది టైలోఫిల్లమ్ అనే మొక్క ఆకు. పైకి తోటల్లో పెంచే సైకస్ మొక్కలా ఉంటుంది గానీ ఆ జాతి మొత్తం ఎప్పుడో అంతరించింది. మామిడి, వేప లాంటి పూలు పూసే చెట్ల ఆకులు ఆ పొరల్లో కనబడవు. గడ్డి కూడా లేదు. (గడ్డి లేకపోతే డైనోసార్లు ఏం మేశాయి అని పాప అడిగితే, ఈ ఆకులే అని చెప్పాల్సొచ్చింది.) ఆకులతో పాటు అమ్మోనైట్లు (చుట్టల గుల్లలో బతికిన సముద్రపు ప్రాణులు) కూడా దొరికాయి, అంటే సముద్రం దగ్గర్లోనే ఉందన్నమాట. ఒక అమ్మోనైట్ జాతి శాస్త్రీయ నామం పాస్కోయైటిస్ బుడవాడెన్సిస్. అమ్మోనైట్ అంటే అర్థం కానివాళ్ళు దేవుడి గదిలోకి వెళ్ళి సాలగ్రామం చూడండి. గండకీ నదిలో దొరికే ఆ చుట్టల రాయి అమ్మోనైట్ శిలాజమే. మా అమ్మకి ఈ మాట చెప్పాక ఆకు రాళ్ళని కూడా కాలికి తగలనివ్వట్లేదు.

ఇలాంటి ఆకు రాయే పట్టుకుని పాప బడికి వెళితే, “అలాంటివి మన దగ్గర ఉండవమ్మా, అమెరికాలో, చైనాలో దొరుకుతాయి, బయట పారేసి రా” అన్నారట. క్లాసంతా నవ్వారు. బడి పేరు, టీచరు పేరు చెప్పను. ఆ టీచరుకి కూడా చదువుకున్న రోజుల్లో ఎవరూ చెప్పి ఉండరు, తప్పు ఆమె ఒక్కదానిదే అనను. కానీ ఇంగ్లండులో 1956లో సరిగ్గా ఇలాగే జరిగింది. చార్న్‌వుడ్ అడవి రాళ్ళ మీద టీనా నీగస్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి ఆకులాంటి అచ్చు చూసి టీచరుకి చెప్తే, అంత పాత రాళ్ళలో శిలాజాలు ఉండవని కొట్టిపారేశారు. మరుసటి ఏడాది రోజర్ మేసన్ అనే కుర్రాడు అదే అచ్చు చూశాడు. వాళ్ళ నాన్నకి ఒక భూగర్భ శాస్త్రవేత్త తెలుసు కాబట్టి ఆయన స్వయంగా వచ్చి చూశాడు. 1958లో దానికి చార్నియా మేసోనై అని పేరు పెట్టారు. ఆకులా కనబడినా అది మొక్క కాదు, జంతువులు ఎలా మొదలయ్యాయన్న చరిత్రనే ఆ అచ్చు తిరగరాయించింది. అమ్మాయికీ అబ్బాయికీ చూపులో తేడా ఏమీ లేదు. ఒకరి విషయంలో పెద్దవాళ్ళు కదిలొచ్చి చూశారు, ఇంకొకరి విషయంలో చూడలేదు. 2021లో వేల్స్‌లో సముద్రపు ఒడ్డున నాలుగేళ్ళ పాప చూసిన డైనోసార్ అడుగు ముద్రని అనుమతి తీసుకుని మరీ తీయించి కార్డిఫ్ మ్యూజియంలో పెట్టారు. ఆ పాపని ఎవరూ బయట పారేసి రమ్మనలేదు.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. మామూలు మనుషులకి జరుగుతున్న నష్టమేంటో, మేం అడుగుతున్నదేంటో వరుసగా రాస్తున్నాను.

1. గుంట గురించి. టిప్పర్లవాళ్ళకి కావాల్సింది ఎర్ర గ్రావెల్. దానికి అడ్డం వచ్చే తెల్ల షేల్ వాళ్ళకి పనికిరాని సరుకు. పొక్లెయిన్‌తో గీకి పక్కకి నెట్టేస్తారు, లేదా లేఅవుట్ రోడ్ల కింద గుంటలు పూడ్చడానికి పోస్తారు. ఒక వాన పడితే అది ముద్దయిపోతుంది. పన్నెండు కోట్ల ఏళ్ళు నిలిచిన అచ్చు ఒక్క వానాకాలానికి పోతుంది. పోయేది ఆకులొక్కటే కాదు. అది ఊరి పశువులు మేసే నేల. ఇప్పుడు రెండు నిలువుల లోతు తవ్వి, కంచె లేకుండా వదిలేశారు. వానాకాలం నీళ్ళు నిండితే ఎక్కడ లోతో, ఎక్కడ గట్టో తెలియదు. ఇలాంటి గుంటల్లో పిల్లలు పడి చనిపోయిన వార్తలు మన పేపర్లలో ఏటా చదువుతూనే ఉన్నాం. పొలాలకి పోయే డొంక టిప్పర్ల కింద నలిగి, బండి కాదుకదా మనిషి నడిచే వీలు కూడా లేదు. తీసిన మట్టికి సీనరేజీ (ప్రభుత్వానికి కట్టాల్సిన రుసుం) కట్టారో లేదో, పంచాయతీకి రావాల్సిన వాటా వచ్చిందో లేదో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. అందుకే మేం కోరేది: ఈ షేల్ పైకి తేలే ఊళ్ళలో గ్రావెల్‌కి పర్మిషన్ ఇచ్చే ముందు ఒక భూగర్భ శాస్త్రవేత్త వచ్చి చూసి రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలి. మా గుంటలో మిగిలిన షేల్ గోడ ఉన్నంత మేర, మహా అయితే పాతిక సెంట్లు, తవ్వకుండా కంచె వేయాలి. మిగతా చోట చట్టప్రకారం తవ్వుకోండి, కొలిచి తవ్వుకోండి, అయ్యాక పూడ్చండి.

2. ఇది ఎవరి పని? పురావస్తువాళ్ళు మాది కాదంటారు, మనిషి చేసిన వస్తువులు కావు కాబట్టి. గనులవాళ్ళు మాది కాదంటారు, అమ్ముడుపోయే ఖనిజం కాదు కాబట్టి. రెవెన్యూవాళ్ళకి అది ఖాళీ పోరంబోకు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రధానంగా మనిషి చేసిన వస్తువుల కోసం పుట్టినది. భూవారసత్వ స్థలాల (భూమి చరిత్ర చెప్పే రాళ్ళు, పొరలున్న చోట్ల) రక్షణకని కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లు ప్రజల ముందు పెట్టింది. చట్టం వచ్చేదాకా టిప్పర్లు ఆగవు కదా. జిల్లాలో ఈ విషయానికి బాధ్యుడైన అధికారి ఒకరిని నియమించి, ఫోన్ నంబరు పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి. మన రాష్ట్రంలోనే తిరుమల శిలాతోరణాన్ని, మంగంపేట ముగ్గురాయి నిక్షేపాన్ని, విశాఖ ఎర్రమట్టి దిబ్బల్ని జాతీయ భూవారసత్వ ప్రదేశాలుగా గుర్తించారు. వేమవరం షేల్‌ని కూడా పరిశీలించమని హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయానికి జిల్లా తరఫున ఒక ఉత్తరం వెళ్ళాలి. ఉత్తరానికి బడ్జెట్ అక్కర్లేదు.

3. వీటిని ముందు చూసేది ప్రొఫెసర్లు కాదు. గొర్రెలు కాసేవాళ్ళు, ఉపాధి హామీ పనికి వెళ్ళే ఆడవాళ్ళు, టిప్పర్ క్లీనర్లు. చూసింది చెప్తే ఏమవుతుందోనని వాళ్ళకి భయం. ప్రభుత్వం వచ్చి పొలం లాక్కుంటుందని ఒకడు అంటాడు, గుప్తనిధి కేసు పెడతారని ఇంకొకడు. ఈ టెన్షన్ ముందు పోగొట్టండి. చూసి చెప్పినవాడికి పేరు రాసి ఒక రసీదు ఇవ్వండి. రేపు ఆ రాయి ఏ మ్యూజియంకి వెళ్ళినా పక్కన ఆ పేరు ఉండాలి. మా పాప బిల్లు పుస్తకంలో చేస్తున్న పని ప్రభుత్వం చేయలేదా?

ఊరి పేరు ఎందుకు రాయలేదో ఇక్కడ చెప్పాలి. పేరు రాసిన వారానికే గునపాలతో బండ్లు దిగుతాయి. అమ్ముకునేవాళ్ళు కొందరు, అందులో నిధి ఉందనుకునేవాళ్ళు కొందరు. మీరు అడిగితే సర్వే నంబరుతో సహా విడిగా ఇస్తాను.

4. టీచర్లకి ఒక మాట. మీ మీద ఎంత పని ఉందో నాకు తెలుసు. ఫోటోలు అప్‌లోడ్ చేయడానికే సగం రోజు పోతుందని మా చుట్టాల్లో టీచర్లు చెప్తూనే ఉంటారు. కొత్త ప్రోగ్రామ్ ఏదీ అడగట్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన పదో తరగతి జీవశాస్త్రంలో కోటాసారస్ బొమ్మ ఉండేది. గోదావరి లోయలో దొరికిన ఆ డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉంది. దాని గురించి పరీక్షకి బట్టీ పట్టిన పిల్లలకి పక్క ఊళ్ళో ఏముందో తెలియదు. జిల్లాలో సైన్సు టీచర్లకి ఏడాదికి జరిగే శిక్షణల్లో ఒక పూట ఈ రాళ్ళకి కేటాయించండి. శిలాజం ఎలా తయారవుతుంది, నాపరాయి మరకకీ ఆకు అచ్చుకీ తేడా ఏంటి, మైపాడులో, కొత్తపట్నంలో ఒడ్డుకి కొట్టుకొచ్చే గవ్వకీ రాయైన గవ్వకీ తేడా ఏంటి. ఇంతే. పిల్ల రాయి తెస్తే ‘ఎక్కడ దొరికింది’ అని అడగండి. మీకు తెలియకపోతే కనుక్కుందాం అనండి, చాలు.

5. రాళ్ళు వెతికే పిల్లలకి పద్ధతి ఎవరూ చెప్పట్లేదు. మా ఇంట్లో మేం పెట్టుకున్న నియమాలు: పెద్దవాళ్ళు లేకుండా గుంట అంచుకి పోకూడదు, నడుస్తున్న క్వారీలోకి అసలు పోకూడదు, గోడలోంచి పీకకూడదు, కింద రాలిన ముక్కలే తీసుకోవాలి, ఎక్కడిదో రాయకుండా ఒక్క ముక్కా ఇంటికి తేకూడదు. చోటు తెలియని శిలాజం శాస్త్రానికి దాదాపు పనికిరాదు. ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో అచ్చేసి బడులకి పంచండి.

6. ఒక గాజు బీరువా. ఒంగోలులోనో, నెల్లూరులోనో జిల్లా గ్రంథాలయంలో ఒక్కటి. టైలోఫిల్లమ్ ఆకు, అమ్మోనైట్ అచ్చు, పక్కన పెద్ద అక్షరాలతో తెలుగులో నాలుగు ముక్కలు. మైనింగ్ జరిగే ప్రాంతాల కోసం 2015 చట్ట సవరణతో జిల్లా మినరల్ ఫౌండేషన్ వచ్చింది, ఆ డబ్బు ఖర్చు పెట్టాల్సిన వాటిలో చదువు కూడా ఉంది. చీమకుర్తి, సైదాపురం లాంటి గనుల ఊళ్ళున్న జిల్లాలకి ఒక బీరువా బరువా? మా పాప దగ్గరున్న రాళ్ళన్నీ ఇస్తుంది. అడిగాను, ఒప్పుకుంది. నంబర్లు మార్చకూడదని మాత్రం షరతు పెట్టింది.

7. స్థలం చూడకుండా అర్జీ మూయకండి. ఇది శిలాజాలకే కాదు, పింఛను అర్జీకీ, డ్రైనేజీ అర్జీకీ అంతే. మా వీధిలో ‘పరిష్కారమైంది’ అన్న మెసేజ్ వచ్చాక కూడా మురుగు పారుతూనే ఉంది. చూసినవాళ్ళ పేరు, తేదీ, అక్కడ తీసిన ఫోటో లేకుండా ఏ అర్జీనీ మూయడానికి వీల్లేదని ఉత్తర్వు ఇవ్వండి.

గుంటలో షేల్ గోడ ఇప్పటికి ఇంకా కొంత ఉంది. టిప్పర్ల జోరు చూస్తే వానలు మొదలయ్యేలోపే అదీ అయిపోయేలా ఉంది. వచ్చేటప్పుడు భూగర్భ శాస్త్రం తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని రండి. దారి నేను చూపిస్తాను, గొర్రెల పెద్దాయన కూడా వస్తానన్నాడు. ఈ లోపల తవ్వకం ఆపమని నోటి మాటగానైనా చెప్పించండి.

నెల రోజుల్లో ఎవరూ రాకపోతే, ఆ గుంటకి ఇచ్చిన పర్మిషన్, కట్టిన సీనరేజీ, అర్జీ మూసిన రోజు స్థలానికి ఎవరు వెళ్ళారన్న వివరాల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడతాను. వచ్చిన జవాబు కూడా ఇలాగే అందరి ముందూ పెడతాను.

ఇట్లు,
రెండో తరగతి పాప తండ్రి,
సిమెంటు షాపు,
ఒంగోలు